అంట్ల మెషిన్ బయటికొచ్చిన వైనం

ముప్ఫై ఒక్క ఏళ్ళ కాపురంలో మా అత్తగారి మీద నేను నెగ్గిన వాదన ఒక్కటే ఒక్కటి. అది అంట్లు తోమే మెషిన్ గురించి. మిగతావన్నీ ఆవిడే నెగ్గారు. పెసరట్టు పిండిలో బియ్యం వెయ్యాలా వద్దా, పాలు ఎన్నిసార్లు పొంగించాలి, అరుగు మీద ఆరేసిన మడిబట్ట ఎవరు తియ్యాలి, నేను కాలేజీకి ఏ చీర కట్టుకెళ్ళాలి, అన్నిట్లోనూ తీర్పు ఆవిడదే. అందుకని దొరికిన ఆ ఒక్క గెలుపునీ పదకొండేళ్ళపాటు నేను బాగా వాడుకున్నాను. ఇంటికి చుట్టాలొస్తే ముందు మెషిన్ చూపించి, తరవాత మంచినీళ్ళిచ్చేదాన్ని.

ఆ మెషిన్ మొన్న మాఘమాసంలో ఓ పొద్దున్న గుర్రుమని, రెండుసార్లు దగ్గి, ఆగిపోయింది. కంపెనీ తరఫున ఒకాయన వచ్చాడు. తలుపు తీశాడు, బటన్ నొక్కాడు, చెవి పెట్టి విన్నాడు. పట్టుమని ఐదు నిమిషాలు చూడలేదు. "మోటారు పోయిందండి మేడమ్. ఈ మోడల్‌కి పార్టులు రావట్లేదండి. కొత్తది తీసేసుకోండి" అన్నాడు. తీసేసుకున్నాం. అప్పుడు అసలు సంగతి చెప్పాడు. "పాతది మీరే తీయించి చోటు ఖాళీ చేసి ఉంచండి. మా వాళ్ళు కొత్తది బిగించి వెళ్తారండి. పాతది లాగడం మా పని కాదండి."

లాగడం ఎంతసేపు అనుకున్నాను. అక్కడే పప్పులో కాలేశాను.

అసలు ఆ మెషిన్ మా ఇంట్లోకి ఎలా వచ్చిందో చెబితే గానీ అది బయటికెందుకు రానందో అర్థం కాదు. రాజమండ్రిలో మాది రెండో అంతస్తు ఫ్లాటు. నేను జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. పదకొండేళ్ళ కిందట మా పనిమనిషికి పక్క వీధి అపార్ట్‌మెంట్లో ఒకే మెట్ల మీద మూడిళ్ళు దొరికాయి. ఆవిడ మమ్మల్ని వదిలేసింది. అదే నెలలో నా కుడి మణికట్టు వాచింది. డాక్టరుగారు అంట్లు తోమొద్దన్నారు. నేను ఆ చీటీ పట్టుకుని నేరుగా షాపుకి వెళ్ళాను.

నేను షాపు నుంచి తెచ్చిన మెషిన్ బొమ్మల పుస్తకం చూసి అత్తగారు ఒకే ఒక ప్రశ్న వేశారు. "ఆరుగురు చుట్టాలొచ్చారనుకో. ఆరుగురి ఎంగిలీ ఒకే నీళ్ళల్లో వేసి తిప్పి తిప్పి కొడుతుంది కదా. అది కడగడమా, కలపడమా?"

"వేడినీళ్ళండీ అత్తయ్యగారూ. డెబ్భై డిగ్రీలు. క్రిములన్నీ చచ్చిపోతాయి."

"క్రిములు చస్తాయి సరే. ఎంగిలి ఉడకబెడితే ఎంగిలి కాకుండా పోతుందా?"

దీనికి సమాధానం నా సిలబస్‌లో లేదు. అయినా పట్టు వదల్లేదు. మా ఆయన అప్పట్లో బ్యాంకులో ఉండేవారు. ఇంట్లో ఇలాంటి చర్చ మొదలైనప్పుడల్లా ఆయనకి బ్యాంకులో ఆడిట్ ఉండేది.

చివరికి అత్తగారు ఒప్పుకున్నారు గానీ ఒక షరతు పెట్టారు. మెషిన్ పెట్టాల్సింది వంటగట్టు కింద, అలమార తీసేసిన చోట. ఆ గట్టు మీద రాయి ఆవిడ ప్రాణం. ఇల్లు కొన్నప్పుడు స్వయంగా రాళ్ళ యార్డుకి వెళ్ళి, పలక పలకకీ చెంబుతో నీళ్ళు పోయించి, ఎండలో ఆరేదాకా నిలబడి ఎంచుకున్న నల్లరాయి. గోడ నుంచి గోడ దాకా అతుకు లేని ఒకే పలక. దాని మీద ఆవిడ అప్పడాలు ఒత్తుతారు, కత్తి మాత్రం ఎవరినీ పెట్టనివ్వరు.

"ఈ రాయికి ఏమైనా అయిందో..." అన్నారు వేలు చూపించి.

నాకు పౌరుషం వచ్చింది. "పెట్టేటప్పుడు గానీ, తీసేటప్పుడు గానీ మీ రాయికి గీత పడితే మళ్ళీ ఈ ఇంట్లో మెషిన్ మాటెత్తను. జన్మంతా అంట్లు నేనే తోముతాను" అనేశాను. తీసేటప్పుడు అనే మాట నేనెందుకు కలిపానో నాకిప్పటికీ తెలీదు. ఎవరూ అడగలేదు. మాట జోరులో వచ్చేసింది.

మొదటి నెల అత్తగారు దాన్ని ముట్టుకోగా నేను చూడలేదు. దాని పక్కనుంచి వెళ్ళేటప్పుడు చీర కుచ్చిళ్ళు కొంచెం ఎత్తి పట్టుకునేవారు. నెల తిరిగాక ఒకరోజు తనంతట తనే, "నువ్వు పొద్దున్నే ఉరుకులు పరుగులు. సర్దడం అదీ నేను చూస్తాన్లే. ఆ మీట ఎక్కడో చూపించు" అన్నారు. ఆ సాయంత్రం నేను కాలేజీ నుంచి వస్తూ అరకిలో మడతకాజాలు తెచ్చాను. కారణం ఎవరికీ చెప్పలేదు.

అప్పటినుంచీ అదే పద్ధతి. రాత్రి ఎంగిలి కంచాలు వంటింట్లో ఉండకూడదు గనక వెనక బాల్కనీలో టబ్బులోకి చేరేవి. ఆవిడ నాలుగింటికి లేచేవారు. నేను కాఫీకి వంటింట్లోకి వచ్చేసరికి మెషిన్ లోపల నీళ్ళు జోరుగా తిరుగుతుండేవి. ఆ చప్పుడు వింటూ కాఫీ తాగితే ఆ రుచే వేరు. తలుపు తీస్తే కంచాలు, గ్లాసులు, గరిటెలు తళతళ. స్టాఫ్ రూమ్‌లో ఎవరి మెషిన్ కంచాలకి మరకలున్నాయని చెప్పినా, "మాది అలా కాదే, అద్దంలా వస్తాయి. సర్దడంలో ఉంటుంది కిటుకు" అని పాఠం చెప్పేదాన్ని. దసరాకి అత్తగారు దాని తలుపుకి పసుపు రాసి బొట్టు పెట్టేవారు. అంతకంటే పెద్ద విజయం ఏం కావాలి?

ఇక నేల సంగతి. మూడేళ్ళ కిందట మా ఆయన రిటైరయ్యారు. ఆర్నెల్లు తిరక్కుండా షుగరు వచ్చింది. డాక్టరు మందులు రాశాడు, వాస్తు చూసే ఆయన వంటిల్లు రాశాడు. హాలు కంటే వంటిల్లు పల్లంలో ఉందిట, అది ఇంటి యజమానికి కూడదట, రెండంగుళాలు లేపాలిట. ఉన్న నేల మీదే సిమెంటు పరిచి కొత్త టైల్స్ వేయించేశారు. తాపీమేస్త్రి చాలా నేర్పుగలవాడు. మెషిన్ కాళ్ళ దాకా వచ్చి, దాని ముందు అంచు వెంబడి తెల్ల సిమెంటుతో చక్కగా పూడ్చి, తడిగుడ్డతో తుడిచి మరీ వెళ్ళాడు. అప్పుడు నేను అక్కడే నిలబడి, "ఎంత నీటుగా చేశాడో" అన్నాను. వస్తువు కదలాలంటే చోటు కావాలని ఇరవై ఆరేళ్ళుగా పిల్లలకి చెబుతున్నదాన్ని.

కొత్త మెషిన్ శనివారం వస్తుందన్నారు. శుక్రవారం కాలేజీకి సెలవు పెట్టి, పొద్దున్నే నేనూ మా ఆయనా పాతదాన్ని పట్టుకుని లాగాం. అది కదల్లేదు. ఆయన గట్టిగా లాగారు. ఆయన కదిలారు. నడుం పట్టేసింది.

అత్తగారు వంటింటి గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చున్నారు. చేతిలో జపమాల ఉంది గానీ చూపంతా గట్టు మీద రాయి మీదే. మెషిన్ ఆగిపోయిన వారం రోజుల నుంచీ ఆవిడ చిత్రంగా మౌనంగా ఉన్నారు. ఒక్క దెప్పు లేదు, ఒక్క సామెత లేదు. ముప్ఫై ఏళ్ళ అనుభవంతో నాకర్థమైంది ఏంటంటే, లోపల సంబరపడుతున్నారని. రాయికి గీత పడేదాకా ఆగి అప్పుడందుకుంటారని. ఆ మౌనానికే నాకు ఒళ్ళు మండిపోయింది.

మా ఆయన నడుం పట్టుకునే కిందికి దిగి, గోదావరి గట్టు మీద పొద్దుటి నడకలో పరిచయమైన ఒకాయన్ని వెంటబెట్టుకొచ్చారు. తణుకు వైపు పంచదార మిల్లులో ఫిట్టరుగా చేసి రిటైరైన మనిషి. అరవై దాటిన వయసు, తెల్లటి చొక్కా, భుజాన సంచి. వస్తూనే మా అత్తగారికి నమస్కారం పెట్టి, తరవాత మెషిన్ ముందు గొంతుక్కూర్చుని, దానికీ ఇంచుమించు అంత మర్యాదా ఇచ్చారు.

"ఎన్నేళ్ళండి ఈయనకి?"

"పదకొండండి" అన్నాను.

టార్చి వేసి కింద చూశారు, పైన చూశారు. "ఆయ్... ఈయన గోతిలో కూర్చుండిపోయారండి. పైకి లేవమంటే నెత్తికి రాయండి. ముందుకి రమ్మంటే కాళ్ళకి టైల్సండి. ఎటూ రారండి."

"మరెలాగండి?"

"రెండే దార్లండి. పైన రాయన్నా లేపాలి, కింద నేలన్నా పగలగొట్టాలండి."

"రాయి ముట్టుకోవద్దు" అన్నారు అత్తగారు. "నేల ముట్టుకోవద్దు" అన్నారు మా ఆయన. తల్లీకొడుకులు ఒకేసారి ఒకే మాట మీద ఉండగా నేను చూడ్డం అదే మొదలు.

"ఆ నేల వేశాకే నా షుగరు దిగింది" అన్నారు మా ఆయన ఫిట్టరుగారితో.

"షుగరు దిగింది మీరు సాయంత్రం బజ్జీలు మానేశాక" అన్నాను.

"బజ్జీలు మానాలన్న బుద్ధి ఎప్పుడు పుట్టింది? నేల వేశాకే కదా!"

ఫిట్టరుగారు ఈ తగువులో తల దూర్చలేదు. మెషిన్ కాళ్ళు మరలు తిప్పితే కాస్త పొట్టి అవుతాయని, అలా ఎంత దిగితే అంత చూద్దామని అన్నారు. పడుకుని స్పానర్ పెట్టారు. నాలుగు కాళ్ళలో ఒకటి తిరిగింది. మూడు తుప్పుపట్టి బిగిసిపోయాయి. దాంతో మెషిన్ ఒకవైపుకి ఒరిగి, ఇంకాస్త గట్టిగా ఇరుక్కుంది. కొబ్బరినూనె పోశాం. అరగంట ఆగాం. కాఫీలు తాగాం. ఆయన సంచిలోంచి ఇనపపట్టీ తీసి కిందకి దూర్చి, నెమ్మదిగా ఎత్తిపట్టారు.

టక్‌మని చప్పుడైంది.

జపమాల ఆగిపోయింది.  "అమ్మాయ్," అన్నారు అత్తగారు, "నువ్వన్న మాట గుర్తుందా?"

"ఉందండి."

ఫిట్టరుగారు లేచి రాయి అంచు వెంబడి గోటితో రాసుకుంటూ అటు నుంచి ఇటు దాకా వచ్చారు. "రాయి కాదండి మామ్మగారూ. కింద చెక్కపట్టీ విరిగిందండి. రాయి నిక్షేపంగా ఉందండి." నేను గోడకి ఆనుకుని కూర్చుండిపోయాను. మిగిలిన జన్మంతా చేతిలో పీచూ, సబ్బూ ఒక్క క్షణం కళ్ళ ముందు తిరిగాయి.

అప్పుడాయన ఆలోచించి మూడో దారి చెప్పారు. మిల్లులో లోపల బిగుసుకుపోయిన వాటిని బయటికి లాగరట. ఉన్నచోటే విప్పి, ముక్కలు ముక్కలుగా దాని నోట్లోంచే బయటికి తీస్తారట. "చచ్చిపోయిన మెషినే కదండి. ఈయన్ని ఈయన తలుపులోంచే తెచ్చేద్దామండి" అన్నారు. రాయికి భయం లేదు, నేలకీ భయం లేదు. అందరం ఒప్పుకున్నాం. ఆ క్షణంలో నాకాయన ఏ దేవుడో పంపిన మనిషిలా కనిపించారు.

మొదట తలుపు ఊడింది. పదకొండు దసరాల బొట్లతో దాన్ని హాల్లో గోడకి చేరేశాం. తరవాత కంచాలు పెట్టే ఇనప బుట్టలు, నీళ్ళు చిమ్మే రెక్కలు వచ్చాయి. అన్నిటినీ పాత పేపర్ల మీద వరసగా పేరుస్తూ వచ్చాను. తరవాత ఆయన అడుగున చెయ్యి పెట్టి గుండ్రటి జల్లెడ లాంటిది ఒకటి తిప్పి తీశారు. ఎంగిలి మెతుకులూ తుక్కూ పట్టుకునే జల్లెడ అది. దాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి అటూ ఇటూ తిప్పి చూశారు. వాసన కూడా చూశారు.

"అమ్మగారండీ, ఈయన్ని అసలు వాడారాండి?"

"అదేంటండీ! రోజూ వాడాం. ఒక్కరోజు నాగా లేదు."

"మరి ఇందులో ఏం లేదేంటండి? మెతుకు లేదు, కరివేపాకు ఈనె లేదు, నూనె జిడ్డన్నా లేదండి. షాపులోంచి తెచ్చినట్టుందండి."

నాకు గర్వం పొంగుకొచ్చింది. "మా అత్తగారు అంత శుభ్రంగా చూసుకున్నారండి" అన్నాను.

"శుభ్రం చేస్తే గీతలు పడతాయి కదండి. దీనికి చెయ్యే తగల్లేదండి." ఆయన తల గోక్కుని, ఏ దురుద్దేశమూ లేకుండా, మిల్లులో మనిషి మాట్లాడినట్టే మాట్లాడారు. "ఈయనకి పదకొండేళ్ళూ కడిగిన కంచాలే పెట్టారండి."

నేను గుమ్మం వైపు చూశాను. కుర్చీ ఉంది. అందులో అత్తగారు లేరు. దేవుడి గదిలో గంట వినిపించింది, అది ఏ పూజకీ వేళ కాదు. మా ఆయన వైపు చూశాను. ఆయనకి ఫోను రాలేదు గానీ చెవి దగ్గర పెట్టుకుని బాల్కనీలోకి వెళ్ళిపోయారు.

ఫిట్టరుగారు ఈ లోపల తన పనిలో తాను పడ్డారు. లోపలి స్టీలు తొట్టిని రంపంతో రెండుగా కోసి బయటికి తీశారు. ఆ చప్పుడుకి పళ్ళు జివ్వుమన్నాయి. తొట్టి కింద ఉన్న నీళ్ళ పంపు విప్పి, చిన్న స్క్రూడ్రైవర్‌తో ఏదో పొడిచి తీసి, అరచేతిలో పెట్టి నాకు చూపించారు.

చింతగింజ. ఒక్కటే ఒక్కటి, నల్లగా, నున్నగా.

"ఇదండి రోగం. జల్లెడ పక్క సందులోంచి జారి రెక్క మధ్యలో ఇరుక్కుందండి." ఆయన వేలితో పంపు రెక్కని తిప్పారు. అది గిర్రున తిరిగింది. "మోటారుకేం కాలేదండి. బంగారంలా ఉందండి. పాపం ఈయన, జన్మలో మొదటిసారి ఎంగిలి తగిలేసరికి ప్రాణం వదిలేశారండి."

"అయితే మళ్ళీ బిగించెయ్యండి!" అన్నాను ఆత్రంగా.

ఆయన పేపర్ల మీద పరిచిన ముక్కల్నీ, రెండుగా కోసిన తొట్టినీ, నన్నూ చూశారు. "కోసిన పనసకాయని మళ్ళీ చెట్టుకి తగిలించమంటే ఎలాగండి?"

నేను చింతగింజ పట్టుకుని దేవుడి గదిలోకి వెళ్ళాను. పట్టలేనంత కోపంతోనే వెళ్ళాను, అబద్ధమెందుకు. పదకొండేళ్ళు నన్ను పిచ్చిదాన్ని చేశారని, వెనకాల నవ్వుకున్నారని అనుకున్నాను. అత్తగారు పీట మీద కూర్చుని ఉన్నారు. నా చేతిలోది చూడగానే ఆవిడ మొహం చిన్నబోయింది. ఎనభై ఒక్క ఏళ్ళ మనిషి తప్పు చేసిన పిల్లలా చూశారు.

"మొన్న ముక్కలపులుసు నాటిది" అన్నారు. "ఎడమకన్ను మసకగా ఉంటోందే. నల్ల గింజ, గిన్నె అడుగున కనబళ్ళేదు. నీ మెషిన్ నా మూలంగానే పాడైంది. వారం నుంచీ నీకెలా చెప్పాలో తెలీక..."

నా కోపం ఎక్కడికక్కడ ఆగిపోయింది. ఆ వారం రోజుల మౌనం సంబరం కాదు. భయం. నేను ఏమంటానో అని నా అత్తగారికి భయం.

"అది సరే అత్తయ్యగారూ. అసలు కడిగినవి అందులో ఎందుకు పెట్టారు?"

"మొదటి నెల్లో మీ కాలేజీవాళ్ళని భోజనానికి పిలిచావు గుర్తుందా? ఎనిమిదిమంది. అందరినీ వంటింట్లోకి తీసుకొచ్చి మెషిన్ గురించి గొప్పగా చెప్పావు. తరవాత వడ్డిద్దామని నేను కంచాలు తీస్తే ఏముంది? సగం కంచాలకి ముద్దపప్పు ఎండి అట్టకట్టింది. నువ్వు హాల్లో ఉన్నావు. గబగబా తోమి తుడిచి పెట్టాను. వాళ్ళముందు నువ్వు నవ్వులపాలవుతావని."

"తరవాతైనా చెప్పచ్చుగా?"

"చెబితే వింటావా నువ్వు? డెబ్భై డిగ్రీలంటావు. పైగా ఎవరొచ్చినా దాని గురించే చెప్పుకుని మురిసిపోతున్నావాయె. పోన్లే, నాలుగు కంచాలు తోమితే నా చేతులేం అరుగుతాయి అనుకున్నాను."

"మరి తోమేశాక మళ్ళీ మెషిన్ తిప్పడం ఎందుకండీ?"

ఆవిడ నన్ను జాలిగా చూశారు. "చప్పుడు రాకపోతే నీకు తెలిసిపోదూ?"

నాకు ముందు నవ్వొచ్చింది. ఆపుకోలేనంత నవ్వు. దాని వెనకాలే ఏడుపు వచ్చింది. డెబ్భై ఏళ్ళ మనిషి తెల్లారగట్ల వెనక బాల్కనీలో కూర్చుని నా ఎంగిలి కంచం తోమి, నేను కాఫీ తాగుతూ వినడం కోసం మెషిన్ తిప్పింది. ఎంగిలికి ఆమడ దూరం జరిగే మనిషి. నేను ఆ చప్పుడు విని గెలిచాననుకున్నాను. ల్యాబ్‌లో పిల్లలకి మొదటిరోజు చెప్పే పాఠం, కళ్ళు తెరుచుకుని చూడండర్రా అని. నాకు చాలా సిగ్గేసింది. ఆవిడ పక్కన నేల మీద కూర్చుని, ఆవిడ చేతులు పట్టుకుని చూశాను. వేళ్ళ చివర్లు సబ్బుకి పగిలి ఉన్నాయి. పదకొండేళ్ళలో నేనా చేతులు చూడనే లేదు.

మా ఆయన బాల్కనీలోంచి వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. "నాకు తెలుసు" అన్నారు నెమ్మదిగా.

"ఎప్పటినుంచి?"

"మెషిన్ ఉన్న ఇంట్లో నెలకి ఆరేసి అంట్ల సబ్బులు ఎవరు కొంటారే? సరుకుల చీటీ నేనే కదా తీసుకెళ్ళేది. అమ్మ చెప్పొద్దంది. నువ్వా, అడగలేదు."

ఆయనతో వాదించే ఓపిక లేక వదిలేశాను. తరవాత వాదించాను, అది వేరే.

ఇంతలో వంటింట్లోంచి ఫిట్టరుగారి పిలుపు. ఖాళీ అయిన గోతిని చూస్తూ నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డారు. "బాబుగారండీ, పాతాయన్ని ముక్కలు చేసి తీశాం సరేనండి. రేపొచ్చే కొత్తాయన్ని ముక్కలు చేసి పెట్టలేం కదండి. ఈ నేల మీంచి ఆ రాయి కిందకి ఎలా వెళ్తారండి?"

 నేల రెండంగుళాలు ఎత్తు. రాయి ఉన్నచోటే ఉంది. పాతది బయటికి ఎందుకు రాలేదో కొత్తది లోపలికి అందుకే వెళ్ళదు. పొద్దుటి నుంచీ నలుగురు పెద్దమనుషులం, అందులో ఒక ఫిజిక్స్ లెక్చరర్, ఒక ఫిట్టరు, ఈ ముక్క ఎవరికీ తట్టలేదు.

మా ఆయన వాస్తు చూసే ఆయనకి ఫోన్ చేశారు. స్పీకర్ పెట్టమన్నాను.  "మెషిన్‌లో నీళ్ళు కాగుతాయాండి?" అని అడిగాడాయన. కాగుతాయన్నాం. "అయితే అది అగ్నేనండి. ఆగ్నేయంలో అగ్ని ముందు రెండు పలకల మేర పల్లం ఉంటే దోషం లేదండి. ఇంకా మంచిదండి." మా ఆయన మొహం వెలిగిపోయింది. ఫిట్టరుగారు సుత్తీ ఉలీ తీసి పావుగంటలో రెండు టైల్స్ లేపేశారు. అంటే పొద్దున్నే ఆ ఫోన్ చేసి ఆ రెండు టైల్స్ లేపి ఉంటే పాత మెషిన్ హాయిగా బయటికొచ్చేది. చింతగింజ తీసేస్తే మళ్ళీ హాయిగా లోపలికి వెళ్ళేది. ఈ సంగతి నాకు తట్టింది. మా ఆయనకీ తట్టింది. ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుని, ఫిట్టరుగారికి భోజనం వడ్డించాం, విస్తట్లో.

మర్నాడు కొత్తది వచ్చి, టైల్స్ లేచిన పల్లంలోంచి మెత్తగా లోపలికి జారి కూర్చుంది. అందరూ వెళ్ళాక అత్తగారు వచ్చి రాయి అంచు మీద ఈ చివర నుంచి ఆ చివర దాకా అరచేత్తో నిమిరారు. "గీత పళ్ళేదు. నువ్వే నెగ్గావు" అన్నారు. ఆ మాట ఆవిడ నోట వినడానికి నాకు ముప్ఫై ఒక్క ఏళ్ళు పట్టింది. తీరా విన్నాక ఏం చెయ్యాలో తోచలేదు.

ఇంట్లో కొత్త చట్టం నేనే చేశాను. అంట్లు నేనే సర్దుతాను, ఎవరూ ముందుగా తోమకూడదు, అత్తయ్యగారు నీళ్ళలో చెయ్యి పెట్టకూడదు. కంటి డాక్టరు దగ్గర అపాయింట్‌మెంట్ కూడా తీసుకున్నాం. ఆవిడ అన్నిటికీ తలూపారు. ఒక్కటే అన్నారు. "సరేనే. కానీ అది సరిగ్గా తోమకపోతే మాత్రం నేను చూస్తూ ఊరుకోలేను. మళ్ళీ నేనే కూర్చుంటాను." ఆవిడ అన్నంత పనీ చేస్తారని నాకు తెలుసు.

మొదటిరోజు అలారం పెట్టుకుని లేచి, ఎంగిలి కంచాలు ఉన్నవి ఉన్నట్టు సర్ది, మీట నొక్కాను. అత్తగారు పూజకి కూర్చున్నారు. మెషిన్ ఆగాక తలుపు తీసి చూద్దును కదా, మూడు కంచాలకి ముద్దపప్పు అలాగే అట్టకట్టి ఉంది. ఒక గ్లాసు అడుగున కరివేపాకు. దేవుడి గదిలో మంగళహారతి మొదలైంది. ఇంకో పది నిమిషాల్లో ఆవిడ వస్తారు.

నేను ఇంకేం ఆలోచించలేదు. ఆ మూడు కంచాలూ గ్లాసూ పట్టుకుని వెనక బాల్కనీలోకి పరిగెత్తాను. ఆవిడ పీట మీదే కూర్చుని, ఆవిడ పీచుతోనే, మణికట్టు నొప్పెడుతున్నా గబగబా తోమి, కడిగి, కొంగుతో తుడిచి, చప్పుడు కాకుండా మళ్ళీ మెషిన్‌లో పెట్టి తలుపు మూశాను.

అత్తగారు తీర్థం గిన్నెతో వచ్చారు. గిన్నె గట్టు మీద పెట్టి, మెషిన్ తలుపు తీసి, ఒక కంచం అందుకుని కిటికీ వెలుగుకి ఎత్తి, కుడికన్నుతో చూశారు. బొటనవేలితో రాసి చూశారు.

"పర్వాలేదే. ఇది బాగానే తోముతోంది."

"చెప్పానా మీకు!" అన్నాను.

ఆవిడ కంచం మళ్ళీ యథాస్థానంలో పెట్టి తీర్థం గిన్నె తీసుకున్నారు. నేను చెయ్యి పట్టాను. పొయ్యబోయి ఆగి, నా అరచెయ్యి దగ్గరికి తీసుకున్నారు.

"నిమ్మకాయ సబ్బు వాసనొస్తోంది. కడుక్కునిరా, పోస్తాను" అన్నారు.

కడుక్కుని వచ్చి మళ్ళీ చెయ్యి పట్టాను.